శత్రువు కాల్చలేదు... పిట్ట కూల్చింది!

(మా ప్రతినిధి)

దసరా సెలవులకు మా మేనల్లుడు ఊరికి వచ్చాడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న కుర్రాడు. బట్టల సంచికంటే భద్రంగా తెచ్చుకున్నది ల్యాప్‌టాప్, దానికి తగిలించే జాయ్‌స్టిక్. జాయ్‌స్టిక్ అంటే మరేమీ కాదు, పైలట్ చేతిలో ఉండే కర్రకు నకలు. కరెంటు ఉన్నంతసేపూ అరుగు మీద కూర్చుని యుద్ధ విమానం నడుపుతుంటాడు. దాని పేరు 'డీసీఎస్ వరల్డ్'. ఈగల్ డైనమిక్స్ అనే సంస్థ తయారు చేసిన కంప్యూటర్ ఆట. ఆట అంటే వాడికి కోపం. "సిమ్యులేటర్ అనాలె మామా" అంటాడు. నేల మీద కూర్చోబెట్టి గాలిలో ఎగిరిన అనుభవం కలిగించేదట.

పండుగ మర్నాడు మధ్యాహ్నం వాడు మిగ్-21 విమానాన్ని నల్ల సముద్రం ఒడ్డున, జార్జియా దేశపు కొండల పక్కన నేలను రాసుకుంటూ నడుపుతున్నాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూస్తున్నాం. ఆకాశంలో శత్రువు జాడ లేదు. ఉన్నట్టుండి 'ధబ్'మని చప్పుడు. ఇంజను మోత దిగిపోయింది. ఎర్ర దీపాలు వెలిగాయి. కుర్రాడు కర్రతో కొంతసేపు కుస్తీ పట్టి, లాభం లేదని సీటుతో సహా బయటికి దూకేశాడు. గొడుగు విచ్చుకుంది. విమానం కొండను కొట్టుకుంది.

"ఎవడు కాల్చిండురా?" అన్నాను.

"ఎవ్వరు కాల్చలె మామా. పిట్ట తాకింది."

మా అమ్మ నమ్మలేదు. "గంత ఇనుప విమానం పిట్ట తాకితే పడ్తదా? తాకితే పిట్టనే సచ్చిపోతది గాని! నిన్న పాలపిట్టను చూసి దండం పెట్టుకుంటిమి, ఇయ్యాల పిట్ట నీ విమానాన్ని పడగొట్టిందా?" అని నవ్వింది.

అమ్మ అడిగినదాంట్లో న్యాయముంది. మన ఊళ్లో ఎవరిని అడిగినా అదే అంటారు. అందుకే ఈ పిట్ట సంగతి కాస్త వాకబు చేయాలనిపించింది.

బస్సుకు తగిలితే ఒకటి... విమానానికి తగిలితే 225!

గద్ద బరువు ముప్పావు కిలోకు అటూ ఇటూ. 60 కిలోమీటర్ల వేగంతో పోయే ఆర్టీసీ బస్సు అద్దానికి అది తగిలిందనుకోండి. అద్దం పగిలితే పగలవచ్చు, లేకపోతే డ్రైవరు ఉలిక్కిపడి ఊరుకుంటాడు. అదే గద్ద గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే యుద్ధ విమానానికి తగిలితే? వేగం 15 రెట్లు పెరిగింది కనుక దెబ్బ కూడా 15 రెట్లే అనుకుంటాం. అక్కడే పొరపాటు. వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిదింతలు. 15 రెట్లయితే 225 ఇంతలు. మన వాడుకలో చెప్పాలంటే, 50 కిలోల సిమెంటు బస్తాను దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పదిహేను అంతస్తుల మేడ మీది నుంచి జారవిడిస్తే ఎంత దెబ్బో, ఆ వేగంలో ముప్పావు కిలోకు కూడా తూగని గద్ద తగిలినా అంత దెబ్బ. అదీ అన్నం పళ్లెమంత చోటులో.

రెక్కకు తగిలితే సొట్టతో పోవచ్చు. ముందు అద్దానికి తగిలితే పైలట్ ముఖానికే ప్రమాదం. అన్నిటికన్నా చెడ్డ చోటు ఇంజను నోరు. జెట్ ఇంజను గాలిని లోపలికి పీల్చి, వరసలు వరసలుగా తిరిగే పలచని రెక్కలతో దాన్ని నొక్కి, కిరసనాయిలు లాంటి ఇంధనంతో మండించి వెనక్కు చిమ్ముతుంది. పిట్ట లోపలికి పోతే ముందు వరసలో రెక్క విరుగుతుంది. ఆ విరిగిన ముక్క వెనక వరస మీద పడుతుంది, అది మరో వరసను కొడుతుంది. నూర్పిడి మిషన్‌లో ఇనుప బోల్టు పడితే ఏమవుతుందో చూసినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు. మిగ్-21కు ఉన్నది ఒక్కటే ఇంజను. మన వైమానిక దళంలో 1963లో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న విమానమిది. ఆ ఒక్క ఇంజను ఆగితే ఇక మిగిలేది గొడుగే.

ఈ బెడద విమానంతో పాటే పుట్టింది. విమానం కనిపెట్టిన రైట్ సోదరుల్లో ఆర్విల్ రైట్ 1905లోనే అమెరికాలో మొక్కజొన్న చేను మీద ఎగురుతూ ఒక పిట్టను కొట్టాడు. అప్పటికి విమానం పుట్టి రెండేళ్లు కూడా నిండలేదు. అమెరికాను ఈ కొస నుంచి ఆ కొసకు మొట్టమొదట విమానంలో దాటిన కాల్ రోజర్స్ 1912 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా సముద్రతీరంలో కూలి చనిపోయాడు. గల్ జాతి సముద్రపక్షి ఒకటి విమానాన్ని తిప్పే తీగల్లో ఇరుక్కుపోయింది. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో జేజు ఎయిర్ విమానం ప్రమాదానికి గురై 179 మంది చనిపోతే, దాని రెండు ఇంజన్లలోనూ అడవి బాతుల ఈకలు దొరికాయి. నేరమంతా బాతుల మీదే వేయడం న్యాయం కాదు, రన్‌వే చివర ఉన్న కాంక్రీటు కట్టడానికి కొట్టుకున్నందునే అంత ప్రాణనష్టం. కాని కథ మొదలైంది బాతులతోనే.

విమానాలు తయారు చేసేవాళ్లు దీన్ని ఎలా పరీక్షిస్తారో తెలిస్తే నవ్వొస్తుంది. చచ్చిన కోడిని ఫిరంగి గొట్టంలో పెట్టి, నొక్కిపట్టిన గాలితో విమానపు అద్దం మీదికి, ఇంజను నోట్లోకి పేలుస్తారు! 1940లలో అమెరికాలో మొదలైన పద్ధతి. ప్రయాణికుల విమానాల ముందు అద్దం నాలుగు పౌన్ల పక్షిని, అంటే సుమారు 1.8 కిలోల పక్షిని తట్టుకోవాలని నియమం. పరీక్షలకు ఇప్పుడు జెలటిన్‌తో చేసిన బొమ్మ పక్షులను కూడా వాడుతున్నారు. కోళ్లకు కొంత ఊరట.

ఆటలో గవ్వలు

మళ్లీ మా అరుగు మీదికి వద్దాం. ఆటలో ఆ పిట్ట ఎక్కడి నుంచి ఊడిపడింది?

ఆట సెట్టింగుల్లో 'బర్డ్స్' అని ఒక మీట ఉంది. సున్నా మీద పెడితే ఆకాశంలో పిట్టే ఉండదు. జరుపుతున్నకొద్దీ పిట్ట తగిలే అవకాశం పెరుగుతుంది. పలువురు కలిసి ఆడేటప్పుడు ఆట తయారు చేసినవాడు ఆ మీటను ఒకచోట బిగించి, ఎవరూ కదపకుండా చేయవచ్చు. 'ఎక్స్-ప్లేన్' అనే ఇంకో సిమ్యులేటర్‌లో పక్షులను చూపడమే కాదు, విమానానికి వచ్చే లోపాల జాబితాలో పిట్ట దెబ్బను కూడా చేర్చారు.

ఇలాంటి లెక్కను అష్టాచెమ్మా ఆడినవాళ్లెవరైనా అర్థం చేసుకోవచ్చు. కంప్యూటర్ లోపల్లోపల గవ్వలు వేస్తుంటుంది. ఒక కుండలో 200 చీటీలు ఉన్నాయనుకోండి. ఒక చీటీ మీద 'పిట్ట' అని రాసి ఉంది. నిమిషానికోసారి ఒక చీటీ తీసి, చూసి, మళ్లీ కుండలో వేస్తారు. 'పిట్ట' వచ్చిందా, మీ విమానం పని అయిపోయినట్టే. రెండొందల్లో ఒకటే కదా అని తేలిగ్గా తీసుకోకండి. అరగంట ఎగిరితే ముప్పైసార్లు చీటీ తీస్తారు. లెక్క వేస్తే ఏడు ప్రయాణాల్లో ఒకదానికి పిట్ట తప్పదు. చిన్న అవకాశమే పదేపదే వస్తే పెద్దదవుతుందన్నమాట.

చాలామంది ఆటగాళ్లు ఈ మీటను సున్నా మీదే ఉంచుతారని మా వాడు చెప్పాడు. "గంటసేపు కష్టపడి, శత్రువును తప్పించుకొని, ఆఖరికి పిట్ట తాకి సస్తే ఏడుపొస్తది మామా. మనం చేసిన తప్పేం లేదు గద" అన్నాడు. మరి నువ్వెందుకు పెట్టుకున్నావురా అంటే కాస్త ఆలోచించి, "అది లేకుంటే విమానం నడిపినట్టు ఉంటలేదు" అన్నాడు. వాడి మాట నాకు నచ్చింది.

కాని ఆ గవ్వల్లో ఒక లోపముంది. వాటికి పొద్దూ మాపూ తెలియదు. చెరువూ చెలకా తెలియదు. నిజమైన పిట్ట చీటీ కాదు. అది వచ్చే చోటుకు వస్తుంది, వచ్చే వేళకు వస్తుంది.

రైతుకు తెలిసిన లెక్క

పొద్దెక్కి నేల వేడెక్కాక గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతాయని మన పశువుల కాపరికి ఎవరూ చెప్పనక్కరలేదు. కింది నుంచి లేచే వేడిగాలి వాటిని మోసుకుపోతుంది. పొలం దున్నుతుంటే ట్రాక్టరు వెనక కొంగలు వరస కడతాయి. తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేచాయంటే ఆ ఊరి పిట్టలన్నీ అక్కడే. వరి కోతలప్పుడు ఒక రకం, చెరువు ఎండి చేపలు పైకి తేలినప్పుడు ఇంకో రకం. తీతువులు చదునైన ఖాళీ నేల చూసుకుని గుడ్లు పెడతాయి. రన్‌వే పక్కనుండే గడ్డి నేలకంటే వాటికి కావలసిందేముంది?

అమెరికా ప్రభుత్వం చాలా ఏళ్లుగా పౌర విమానాలకు తగిలిన పక్షుల లెక్క రాసిపెడుతోంది. ఆ దెబ్బల్లో పదింట తొమ్మిది మూడున్నర వేల అడుగుల లోపే. అంటే లేచేటప్పుడు, దిగేటప్పుడు. ప్రయాణికుల విమానం ఆ ఎత్తు దాటి పోతుంది. యుద్ధ విమానం అలా కాదు. శత్రువు రాడారుకు చిక్కకుండా నేలను రాసుకుంటూ పోవడం దాని విద్యలో భాగం. పిట్టలు తిరిగే పొరలోనే, మహా వేగంతో పోవాలి. అందుకే ఈ బాధ దానికి ఎక్కువ.

దీన్ని గవ్వలకు వదిలేయకుండా లెక్కలోకి తెచ్చిన దేశం ఇజ్రాయెల్. ఐరోపాకూ ఆఫ్రికాకూ మధ్య వలస పోయే కోట్లాది పక్షులకు ఆ చిన్న దేశమే దారి. 1983లో అక్కడ జరిగిన విచిత్రం చెప్పుకోదగ్గది. స్కైహాక్ అనే యుద్ధ విమానం అద్దాన్ని ఒక తేనెగద్ద బద్దలు కొట్టుకుని లోపలికి వచ్చిపడి, సీటును బయటికి విసిరే పిడికి తగిలింది. పైలట్‌కు ఏం జరిగిందో తెలిసేలోగానే సీటుతో సహా ఆకాశంలో ఉన్నాడు! గాయపడ్డా బతికాడు, విమానం కూలింది. అది పక్షి పనేనని ఈకలను బట్టి తేల్చారు. యోసీ లెషెమ్ అనే పక్షి శాస్త్రవేత్త వైమానిక దళంతో కలిసి పనిచేసి, మోటారు గ్లైడరులో పక్షుల గుంపుల వెంట తానే ఎగిరి, ఏ నెలలో ఏ జాతి ఏ దారిన ఎంత ఎత్తులో పోతుందో పటాలు గీశాడు. ఆ వేళల్లో ఆ దారుల్లో తక్కువ ఎత్తున ఎగరడం మానేశారు. పక్షుల దెబ్బలు దాదాపు మూడొంతులు తగ్గాయి. పక్షుల్ని చంపలేదు, చెట్లు నరకలేదు. పంచాంగం చూసుకుని ప్రయాణం పెట్టుకున్నారు, అంతే.

ఆట తయారు చేసేవాళ్లు ఈ పటాలను గవ్వలతో కలిపితే, చెరువు మీద తెల్లవారుజామున చీటీ ఎక్కువ, నడిరాత్రి కొండ మీద తక్కువ అని పెట్టవచ్చు. మా వాడికి చెబితే కళ్లు మెరిశాయి. "మన అమ్మమ్మను కూసోబెట్టి అడిగితే సాలు, ఏ పిట్ట ఎప్పుడొస్తదో అంతా చెప్తది" అన్నాడు. నవ్వులాటకు అన్నా, కాదనలేం.

ఆ 35 సెకన్లు

అసలు సిమ్యులేటర్‌తో నిజం ఎంతవరకు తెలుస్తుంది? ఒకసారి ఒక పెద్ద విచారణే ఈ ప్రశ్న దగ్గర నిలిచింది.

2009 జనవరి 15న న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయం నుంచి లేచిన విమానానికి సుమారు 2,800 అడుగుల ఎత్తులో కెనడా బాతుల గుంపు అడ్డొచ్చింది. రెండు ఇంజన్లూ పనిచేయడం మానేశాయి. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ వెనక్కి తిరిగే ప్రయత్నం చేయకుండా హడ్సన్ నదిలోకి దింపాడు. అంతా మూడున్నర నిమిషాల వ్యవహారం. లోపలున్న 155 మందీ బతికారు.

తర్వాత విచారణ జరిగింది. వెనక్కి తిప్పి ఉంటే విమానాశ్రయం చేరేవాడా? పైలట్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి అదే సన్నివేశం మళ్లీ మళ్లీ నడిపించారు. బాతులు తగిలిన మరుక్షణమే విమానాన్ని తిప్పినప్పుడు కొన్ని ప్రయత్నాల్లో రన్‌వే చేరగలిగారు. అయితే ఆ పైలట్లకు ఏం జరగబోతోందో ముందే తెలుసు. నిజంగా నడిపిన మనిషికి తెలియదు. ఏమిటీ చప్పుడు, ఏమిటీ కాలిన వాసన, ఏ ఇంజను పోయింది, మళ్లీ రాజుకుంటుందా అని చూసుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. అందుకని 35 సెకన్ల ఆలస్యం కలిపి మరోసారి నడిపారు. చేరలేకపోయారు.

మా మేనల్లుడి మీట విలువ నాకు అప్పుడు అర్థమైంది. గద్ద ఎంత బరువో, ఇంజను ఎలా విరుగుతుందో కంప్యూటర్‌కు చెప్పడం తేలికే. 'ఇప్పుడు పిట్ట తగలబోతోంది' అని తెలిసినవాడికి మాత్రం అది సగం పరీక్షే. ఎప్పుడొస్తుందో తెలియక, అసలు వస్తుందో రాదో కూడా తెలియక, వచ్చినప్పుడు నోరు తెరిచి ఉండిపోయే ఆ కొన్ని సెకన్లు కావాలంటే గుడ్డి గవ్వలే వేయాలి.

అంబాలా నుంచి మన దాకా

2019 జూన్ 27న హర్యానాలోని అంబాలాలో మన వైమానిక దళపు జాగ్వార్ విమానం లేచీ లేవగానే పక్షులు తగిలి ఒక ఇంజను దెబ్బతింది. చుట్టూ ఇళ్లు. పైలట్ అదనపు ఇంధనపు ట్యాంకులను, శిక్షణ బాంబులను వదిలేసి బరువు తగ్గించుకుని, మిగిలిన ఇంజనుతో తిరిగొచ్చి దిగాడు. జాగ్వార్‌కు రెండు ఇంజన్లు ఉండబట్టి సరిపోయింది. మరుసటి ఏడు అదే అంబాలాకు రఫేల్ విమానాలు వచ్చినప్పుడు, స్థావరం చుట్టుపక్కల చెత్త తీయించి పక్షుల రాకను తగ్గించాలని వైమానిక దళం హర్యానా ప్రభుత్వానికి ఉత్తరం రాసింది. వేల కోట్ల విమానం, దాని ప్రాణం మున్సిపాలిటీ చెత్తబండి చేతిలో!

ఇది కొత్త సంగతేమీ కాదు. 1980లలోనే సలీం అలీ మార్గదర్శకత్వంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దేశంలోని విమానాశ్రయాలు తిరిగి పరిశీలించారు. కబేళాల వ్యర్థాలు, పశువుల కళేబరాలు, చెత్తకుప్పలు ఉన్నచోటికే గద్దలు, రాబందులు వస్తున్నాయని చెప్పారు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు పుణ్యమా అని ఆ తర్వాత రాబందులు దాదాపు అంతరించాయి. 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించారు. గద్దలు మాత్రం ఉన్నాయి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పశువులను కోయడం, తోలు తీయడం, పక్షులను ఆకర్షించే చెత్త వేయడం కూడదని 1937 నాటి విమాన నియమాల్లో 91వ నియమం చెబుతోంది.

మన వైపు ఆకాశంలో పొద్దున్నే తిరిగే చిన్న విమానాలను చూస్తూనే ఉంటాం. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాడెట్లు మొదట విద్య నేర్చుకునే పిలాటస్ విమానాలవి. ముందు ఫంకా, ఒకే ఇంజను. నడిపే పిల్లలు మా మేనల్లుడికంటే ఏడాదో రెండేళ్లో పెద్ద.

పండుగ అయిన మూడో రోజు పొద్దున వాడూ నేనూ ఊరి చివర వాగు దాకా నడిచాం. వంతెన పక్కన కోడిమాంసం దుకాణాలవాళ్లు పారేసిన పేగులు, ఈకల కుప్ప. దసరా కదా, మామూలుకంటే ఎక్కువే ఉంది. పైన గద్దలు. మా వాడు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై మూడు దాకా వచ్చి, అవి కలగలిసిపోయేసరికి మానేశాడు. కుప్పకు నేరుగా పైన, గుండ్రంగా, ఒక్కొక్కటీ ఇంకోదానికంటే ఎత్తులో. దూరంగా ఎక్కడో విమానం మోత వినిపిస్తోంది, విమానం మాత్రం కనిపించలేదు.

తిరిగి వస్తూ పంచాయతీ కచేరీ దగ్గర ఆగి అడిగాం. చెత్త ట్రాక్టరు మరమ్మతుకు పోయిందట, రాగానే తీయిస్తామన్నారు. ఎప్పుడొస్తుందంటే వచ్చే వారం అన్నారు. దుకాణాలవాళ్లను అడిగితే, గుంత తవ్వి పూడ్చడానికి తమకు జాగా ఎక్కడుందని ఎదురు ప్రశ్న వేశారు. వాళ్ల మాటా నిజమే. జాగా చూపించవలసింది మళ్లీ పంచాయతీనే.

ఇంటికి వచ్చి మా వాడు ల్యాప్‌టాప్ తెరిచాడు. పిట్టల మీట ఉన్నచోటే ఉంచి మళ్లీ మిగ్-21 ఎక్కాడు. ఆ పూట గంటసేపు ఎగిరినా పిట్ట రాలేదు.